ముద్రను నమ్మి తూటా పెట్టవచ్చా?

ప్రశ్న: పాత సైనిక రైఫిళ్లను సేకరించడం రెండేళ్ల క్రితం మొదలుపెట్టాను. లైసెన్సు, షూటింగ్ క్లబ్బు సభ్యత్వం రెండూ ఉన్నాయి. ఈమధ్య స్పెయిన్ సైన్యం వాడిన 1916 మోడల్ మౌజర్ ఒకటి కొన్నాను. మొదట 7×57 తూటాకు (గుండు వ్యాసం 7, డొల్ల పొడవు 57 మిల్లీమీటర్లు) తయారైన దాన్ని తరువాత 7.62 మిల్లీమీటర్లకు మార్చారని అమ్మినాయన చెప్పారు. దుకాణంలో దొరికే .308 విన్‌చెస్టర్ తూటా అందులో చక్కగా పడుతోంది, తూటా గదిని వెనక నుంచి మూసే బోల్ట్ కూడా మూసుకుంటోంది. క్లబ్బులో కొందరు నిశ్చింతగా కాల్చమంటున్నారు. ఒక పెద్దాయన మాత్రం గోడకు తగిలించుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి? ఇలా తూటా మార్చిన రైఫిళ్లను సేకరించి కాల్చాలంటే ఏమేం చూసుకోవాలి?

సమాధానం:

నమస్కారం. ట్రిగ్గర్ నొక్కకముందే అడిగారు, అందుకు సంతోషం. ముందుగా సూటిగా చెబుతాను: ఆ రైఫిల్‌లో దుకాణపు .308 తూటాలు కాల్చకండి. దాన్ని గోడకే పరిమితం చేయాలా అన్నది తరువాత చూద్దాం.

తూటా పట్టింది, బోల్ట్ మూసుకుంది అన్నంత మాత్రాన తెలిసేది ఒక్కటే, ఆ ఆకారానికి లోపల చోటు ఉందని. ఆ చోటు సరిగ్గా ఉందా, ఎక్కువగా ఉందా అన్నది తెలియదు. తూటా పేలినప్పుడు పుట్టే పీడనాన్ని ఆ ఉక్కు మోయగలదా అన్నది తెలియదు. గుండు దూసుకువెళ్లే గొట్టం ఆ గుండుకు తగిన వ్యాసంలో ఉందా అన్నదీ తెలియదు. తూటా మార్చిన రైఫిల్ ఏది చేతికొచ్చినా నేను ఈ మూడింటికీ విడివిడిగా జవాబు రాసుకుంటాను. మూడింటిలో ఒక్కదానికి జవాబు దొరక్కపోయినా, అది నా దగ్గర చూసుకోవడానికి ఉంటుందే తప్ప కాల్చడానికి బయటికి రాదు.

మీ రైఫిల్ విషయంలో అసలు చిక్కు ఉక్కు దగ్గరే ఉంది. పేరులో 1916 అని ఉన్నా, దాని నిర్మాణం 1893 నాటి మౌజర్ నమూనాది. బోల్ట్ ముందు కొసన ఉన్న రెండు లగ్గులే (బోల్ట్‌ను బిగించి పట్టే, పొడుచుకొచ్చిన ఉక్కు భాగాలే) పేలుడు భారం మొత్తాన్ని మోస్తాయి. 1898 నమూనాలో మౌజర్ కంపెనీ వెనకవైపు మూడో లగ్గును చేర్చింది. ముందున్న రెండూ విఫలమైతే బోల్ట్ వెనక్కి దూసుకురాకుండా అది పట్టుకుంటుంది. బోల్ట్ ఇమిడే ఉక్కు చట్రమైన రిసీవర్ ముందున్న వలయాన్ని 33 మిల్లీమీటర్ల వ్యాసం నుంచి దాదాపు 36కు పెంచింది. తూటా ఇత్తడి డొల్ల చిట్లితే వెనక్కి వచ్చే వాయువు పక్కకు పోయేలా బోల్ట్‌కు పెద్ద రంధ్రాలు పెట్టింది, దాన్ని కాల్చేవాడి ముఖం నుంచి మళ్లించడానికి బోల్ట్ వెనక భాగానికి వెడల్పైన అంచు పెట్టింది. మీ రైఫిల్‌లో ఈ ఏర్పాట్లు లేవు. డొల్ల చిట్లితే వేడి వాయువు, ఇత్తడి తునకలు బోల్ట్ పక్కనున్న గాడి వెంబడి నేరుగా మీ కంటివైపు వస్తాయి.

క్లబ్బులో మిమ్మల్ని కాల్చమంటున్నవారు అంకెలు చూపించి వాదించవచ్చు. యూరప్‌లో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సి.ఐ.పి. లెక్క ప్రకారం 7×57కు గరిష్ఠ పీడనం 3900 బార్లు, .308కు 4150 బార్లు. తేడా ఆరు శాతం పైచిలుకే. ఇంత చిన్న తేడాకు ఇంత భయమెందుకని వారు అడుగుతారు. ఆ వాదన తీసిపారేయదగినది కాదు కాబట్టే దానికి జవాబు చెప్పాలి. 3900 అన్నది నేటి తుపాకులను దృష్టిలో పెట్టుకున్న పరిమితి. ఆ కాలపు స్పానిష్ సైన్యం తన రైఫిళ్లలో రోజూ కాల్చిన తూటా బలం దానితో సమానమని అనుకోకూడదు. అంతకన్నా ముఖ్యమైనది ఉక్కు తీరు. ఆ కాలపు రిసీవర్లకు పై పొర మాత్రమే గట్టిపడేలా, లోపలి ఉక్కు మెత్తగా ఉండేలా వేడిచికిత్స చేసేవారు. అలాంటి రిసీవర్ బలమైన తూటాకు మొదటిసారే పగిలిపోవాలని లేదు. కాల్చిన ప్రతిసారీ లగ్గు ఆనుకునే చోట లోపలి మెత్తటి ఉక్కు కొద్దికొద్దిగా నొక్కుకుపోతుంది. బోల్ట్ అంతమేర వెనక్కి జరుగుతుంది, తూటా వెనక ఖాళీ పెరుగుతుంది. వంద తూటాలు కాల్చినా ఏమీ కాలేదని ఎవరైనా చెబితే అది నిజమే కావచ్చు. వారు చెప్పని నూట ఒకటో తూటా గురించే నా బెంగ.

స్పెయిన్ వాళ్లు మరి ఎందుకు మార్చారన్నది మీకు వచ్చే తరువాతి సందేహం. 1950ల చివరి నుంచి ఆ దేశం సెట్మే అనే కొత్త రైఫిల్‌ను స్వీకరిస్తూ, పాత మౌజర్లను శిక్షణకూ కాపలా విధులకూ పనికొచ్చేలా అదే కొలత తూటాకు మార్చుకుంది. సెట్మే కోసం తొలుత చేసిన 7.62 తూటా పైకి నాటో కూటమి ప్రామాణిక తూటాలాగే (దాదాపు అదే కొలతల వాణిజ్య తూటాయే .308) ఉంటుంది, తూటా గదిలోనూ అలాగే పడుతుంది. దాని గుండు మాత్రం తేలిక, పీడనం తక్కువ. బయటి కొలత ఒకటే, లోపలి బలం వేరు. ఈ ఒక్క పోలిక నుంచే అరవై ఏళ్ల గందరగోళం పుట్టుకొచ్చింది. స్పెయిన్ ఇలా 7.62కు మార్చిన రైఫిళ్లలో పాత నిర్మాణం మీద మార్చిన ఎఫ్‌ఆర్-7కూ, 1898 నమూనాకు చెందిన 1943 మౌజర్ మీద కట్టిన ఎఫ్‌ఆర్-8కూ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది. చూడటానికి రెండూ కవలల్లా ఉంటాయి. గొట్టం కింద ఉన్న మరో గొట్టాన్ని చూసి చాలామంది గ్యాస్ వ్యవస్థ అనుకుంటారు గానీ, అందులో ఉండేది తుపాకీ శుభ్రం చేసుకునే సామగ్రి. స్పానిష్ మార్పిడి రైఫిల్‌నే కాల్చాలని మీకు మనసుంటే ఎఫ్‌ఆర్-8 వెతకండి. అదైనా కింద చెప్పబోయే పరీక్షలు దాటిన తరువాతే.

రెండో ప్రశ్న తూటా గది గురించి. తూటాకూ బోల్ట్ ముఖానికీ మధ్య మిగిలే ఖాళీని నిర్ణయించే కొలతను హెడ్‌స్పేస్ అంటారు. గొట్టం మార్చినా, గది తిరిగి తొలిచినా, బోల్ట్ మార్చినా ఈ కొలత మారిపోతుంది. అందుకే మార్చిన రైఫిల్‌లో దీన్ని చూడకుండా ముందుకు పోకూడదు. దీనికి తూటా ఆకారంలో ఉండే ఉక్కు కొలమానాలు, అంటే గేజ్‌లు దొరుకుతాయి. .308కు "గో" గేజ్ 1.630 అంగుళాలు, "నో-గో" 1.634, "ఫీల్డ్" 1.638. మొదటిదానికీ రెండోదానికీ మధ్య తేడా అంగుళంలో వెయ్యి భాగాలకు నాలుగు భాగాలు, అంటే ఒక వెంట్రుక మందమంత. నాటో సైనిక గదుల కొలతలు దీనికన్నా కొంచెం పొడవుగా ఉంటాయి. మందపాటి సైనిక ఇత్తడి ఆ సాగుదలకు తట్టుకుంటుంది, పలుచటి వాణిజ్య ఇత్తడి అంతగా తట్టుకోదు. 7.62 నాటో, .308 రెండూ ఒకటేనని చెప్పేవారు ఈ సంగతిని మరచిపోతుంటారు.

గేజ్ వాడేటప్పుడు చేతిబలం చూపించకూడదు. బోల్ట్ విప్పి, తూటాను కొట్టే ఫైరింగ్ పిన్‌నూ డొల్లను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్‌నూ తీసేయండి. గదిని పొడిగుడ్డతో తుడవండి. గేజ్ లోపల పెట్టి, బోల్ట్‌ను రెండు వేళ్లతో మాత్రమే కిందికి దించండి. "గో" మీద పూర్తిగా మూసుకోవాలి. "నో-గో" మీద హ్యాండిల్ సగంలోనే ఆగిపోవాలి. "ఫీల్డ్" మీద కూడా మూసుకుంటే ఆ రైఫిల్‌ను ఇంక కాల్చకూడదు. ఈ పని మొదటిసారి చేస్తున్నవారు తెలిసిన తుపాకీ మరమ్మతుదారు పక్కన కూర్చుని నేర్చుకోవడం మంచిది.

ఈ పాఠం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట 7.92కు మార్చిన టర్కీ మౌజర్ ఒకటి నా చేతికొచ్చింది. అమ్మిన వ్యక్తి అంతా సరిచూశానని చెప్పాడు, నేను నమ్మాను. ఇరవై తూటాలు కాల్చాక డొల్లలు ఏరుతుంటే, అడుగు అంచుకు బొటనవేలి గోరంత పైన ప్రతి డొల్ల చుట్టూ సన్నని మెరుపు గీత కనిపించింది. పేపర్ క్లిప్పును సాగదీసి, కొసను కొక్కెంలా వంచి, డొల్ల లోపల అడుగు నుంచి పైకి గీరుతూ వచ్చాను. సరిగ్గా ఆ గీత ఎదురుగా కొక్కెం ఒక గాడిలో చిక్కుకుని ఆగింది. ఇత్తడి లోపలినుంచి పలచబడి, రెండు ముక్కలు కావడానికి సిద్ధంగా ఉంది. ఆ రోజు నా కళ్లకు అద్దాలు కూడా లేవు. ఇప్పుడు ఏ రైఫిల్ కాల్చినా మొదటి అయిదు డొల్లలనూ ఇలా గీరి చూడందే ఆరో తూటా పెట్టను. మీరూ ఈ అలవాటు చేసుకోండి, దీనికి ఖర్చేమీ లేదు.

గది ఏ తూటాకు తొలిచారో అనుమానంగా ఉంటే అచ్చు తీయాలి. తక్కువ వేడికే కరిగే సెర్రోసేఫ్ అనే మిశ్రలోహాన్ని గదిలో పోసి, గట్టిపడ్డాక బయటికి తీసి కొలుస్తారు. అది మొదట కొద్దిగా ముడుచుకుంటుంది కాబట్టి తేలిగ్గా ఊడివస్తుంది. సుమారు గంట తరువాత గది అసలు కొలతకు వస్తుంది. ముద్ర లేనివాటికి, మామూలు పనివాళ్లు తమ దుకాణాల్లో మార్చినవాటికి ఇది తప్పనిసరి. ఆస్ట్రియా వారి 1895 స్టెయర్ రైఫిళ్ల సంగతి చూడండి. మొదట 8×50 అంచు తూటాకు (అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చినదానికి) తయారైనవాటిని 1930లలో ఆస్ట్రియా, హంగరీ దేశాలు 8×56 అంచు తూటాకు మార్చాయి. ఆస్ట్రియా వారు గది మీద పెద్ద "ఎస్" అక్షరం కొట్టారు, హంగరీ వారు "హెచ్" కొట్టారు. పొడవే కాదు, కొత్త తూటా గుండు కూడా పాతదానికన్నా లావు. ముద్ర అరిగిపోయిన రైఫిల్ చేతికొస్తే ఊహించుకుని తూటా పెట్టకూడదు, అచ్చు తీసే తెలుసుకోవాలి.

గదిలో చొప్పించిన తొడుగుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అమెరికా నౌకాదళం 1960లలో .30-06 (ఆ దేశపు పాత సైనిక తూటా) గరాండ్ రైఫిళ్లను 7.62 నాటోకు మార్చేటప్పుడు, తక్కువ ఖర్చుతో అవుతుందని గది ముందుభాగంలో చిన్న ఉక్కు తొడుగు దిగ్గొట్టింది. కొన్నిటిలో కాల్చిన డొల్లతోపాటు ఆ తొడుగు కూడా ఊడి బయటికి వచ్చేసింది. తొడుగు పోయిందని గమనించకుండా మరో 7.62 తూటా పెడితే, అది తనకన్నా పొడవైన గదిలో పేలుతుంది. తరువాత నౌకాదళమే తొడుగులు మానేసి కొత్త గొట్టాలు బిగించింది. చిలీ దేశపు 1895 మౌజర్లలోనూ తొడుగు పెట్టి 7.62కు మార్చినవి ఉన్నాయి. పైగా అవి మీ రైఫిల్‌లాగే పాత నిర్మాణం. అవి ఎంత అందంగా ఉన్నా నేను కాల్చను, ఎవరినీ కాల్చమని చెప్పను.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మార్పిడి ఏదని అడిగితే, మొదటి ప్రపంచయుద్ధం తరువాత అమెరికాలో .30-06కు మార్చిన రష్యన్ మోసిన్ రైఫిళ్లని చెబుతాను. రష్యన్ తూటా అడుగు .30-06 కన్నా లావు. గొట్టాన్ని వెనకవైపు కొంత కోసి, పాత గదిలోనే కొత్త గది తొలిచారు. పాత గది అడుగు వెడల్పు అలాగే మిగిలిపోవడంతో, తూటాలో అత్యంత ఒత్తిడి పడే చోట దాని చుట్టూ ఉక్కు ఆసరా లేకుండా పోయింది. ఇత్తడి ఉబ్బి చిట్లడానికి అంతకన్నా ఏం కావాలి? అదే మోసిన్‌ను పోలండ్ వారు కూడా 7.92×57కు మార్చారు. 91/98/25 అని పేరున్న ఆ రైఫిల్ గౌరవించదగిన పనితనం. మార్చిన రైఫిల్ కదా అని అన్నిటినీ ఒకే గాటన కట్టకూడదని చెప్పడానికే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టాను.

మూడోది గొట్టం వ్యాసం. 8 మిల్లీమీటర్ల మౌజర్ తూటా, అంటే పైన చెప్పిన 7.92×57, దీనికి పాఠ్యపుస్తకం లాంటిది. 1888 నాటి జర్మన్ రైఫిల్ తూటాకు గుండు వ్యాసం .318 అంగుళం. 1905లో వచ్చిన మొనదేలిన "ఎస్" గుండు .323. డొల్ల దాదాపు ఒకటే కాబట్టి కొత్త తూటా పాత రైఫిల్‌లో పట్టేస్తుంది, లావు గుండు సన్నని గొట్టంలో ఇరుక్కుంటూ వెళ్తుంది, పీడనం పెరిగిపోతుంది. ఈ భయంతోనే అమెరికాలోని కంపెనీలు ఈనాటికీ 8 మిల్లీమీటర్ల మౌజర్ తూటాలను యూరప్ ప్రమాణాల కన్నా బాగా తగ్గించిన బలంతో నింపుతున్నాయి. మెత్తటి సీసపు గుండును నూనె రాసి గొట్టం గుండా ఈ చివరి నుంచి ఆ చివరికి నెట్టి, బయటికొచ్చాక మైక్రోమీటర్‌తో కొలిస్తే వ్యాసం తెలిసిపోతుంది. పావుగంట పని.

పరీక్షలన్నీ దాటిన రైఫిల్‌కైనా మొదటి తూటా భుజం మీద నుంచి కాల్చవద్దు. పాత వాహనపు టైరుకు తుపాకీని గట్టిగా కట్టి, రేంజి అధికారి అనుమతితో, అడ్డుగోడ వెనక నుంచి పొడవాటి తాడుతో ట్రిగ్గర్ లాగండి. మూడు తూటాల తరువాత డొల్లలూ, వాటి అడుగున మందును అంటించే ప్రైమర్లూ చూడండి. ప్రైమర్ చదునైపోయినా, బోల్ట్ ఎత్తడానికి బలం పట్టినా అక్కడితో ఆపండి. అప్పుడు గేజ్ మళ్లీ పెట్టి, కొలత మారలేదని తేలితేనే భుజానికి ఎత్తండి. సి.ఐ.పి. నియమాలు అమలులో ఉన్న దేశాల్లో గది మార్చిన తుపాకీని అధికారిక పరీక్షాశాలలో మామూలుకన్నా 25 శాతం ఎక్కువ పీడనపు తూటాతో పరీక్షించి ముద్ర వేస్తారు. ఆ ముద్ర ఉన్నది దొరికితే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే కొనండి. ఆయుధ చట్టం ఏ దేశానికి ఆ దేశానిదే కాబట్టి, కొత్త తూటా కొలత మీ లైసెన్సులో నమోదై ఉందో లేదో కూడా చూసుకోండి. పాత కొలతకు ఇచ్చిన అనుమతి కొత్త కొలతకు వర్తిస్తుందని అనుకోకూడదు.

పాత సైనిక తూటాల గురించి ఒక మాట. వాటిలో చాలావాటి ప్రైమర్లలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది, అది కాలాక గొట్టంలో ఉప్పు మిగులుతుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుని రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. నూనె ఆ ఉప్పును కరిగించదు. ముందు వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, ఆ తరువాతే నూనె రాయాలి.

ఇక సేకరణ సంగతి. మార్చిన రైఫిల్ చెడిపోయిన రైఫిల్ అనే చిన్నచూపు సేకర్తలలో ఉంది. నేను దాన్ని ఒప్పుకోను. 1945లో లొంగిపోయిన జర్మన్ సేనలు నార్వేలో వదిలివెళ్లిన మౌజర్లను ఆ దేశం .30-06కు మార్చుకుంది. 57 మిల్లీమీటర్ల డొల్ల స్థానంలో 63 మిల్లీమీటర్లది పట్టడానికి రిసీవర్ ముందు అంచున చిన్న గంటు కోశారు. వేలితో తడిమితే ఆ గంటు తెలుస్తుంది. ఒకే వలయం మీద జర్మన్ ముద్ర, నార్వే దళాల ముద్ర పక్కపక్కన కనిపిస్తాయి. 1950ల ద్వితీయార్ధంలో ఇజ్రాయెల్ 7.62కు మార్చిన మౌజర్లలో కొన్నిటి చెక్క మీద పెద్ద అక్షరాలతో కాల్చి వేసిన 7.62 అంకె ఉంటుంది. పక్కనున్న సైనికుడు తప్పు తూటా పెట్టకుండా వేసిన గుర్తు అది. బ్రిటిష్ పాలనలో బెంగాల్‌లోని ఇషాపూర్ ఆయుధ కర్మాగారంలో .303 లీ-ఎన్‌ఫీల్డ్‌లను రైఫ్లింగ్ (గొట్టం లోపలి మెలి గాళ్లు) లేని .410 మస్కెట్లుగా మార్చి, మ్యాగజైన్ చోటును చెక్కదిమ్మతో మూసి కాపలాదారుల చేతికి ఇచ్చారు. పాలకులు ఎవరిని ఎంతవరకు నమ్మారో ఆ చెక్కదిమ్మ చెబుతుంది. ఇషాపూర్‌లోనే 1960లలో వచ్చిన 7.62 రైఫిల్, అంటే 2ఎ, 2ఎ1, మార్పిడి కాదు, మెరుగైన ఉక్కుతో కొత్తగా చేసినది. చాలామంది అమ్మకందారులు దాన్ని మార్చిన .303 అని చెబుతారు, అది పొరపాటు.

అందువల్ల కొన్నవెంటనే చెక్క గీకకండి, ముద్రల మీద గరుకు కాగితం పెట్టకండి, "అసలు రూపానికి" తెస్తానని పాత గొట్టం వెతికి బిగించకండి. ఆయుధాగారం చేసిన మార్పే ఇప్పుడు దాని అసలు రూపం. ప్రతి ముద్రనూ ఫొటో తీసి, ఏ భాగం మీద ఏ సంఖ్య ఉందో, గేజ్ ఏం చెప్పిందో, గొట్టం వ్యాసం ఎంతో ఒక పుస్తకంలో రాసుకోండి. రేపు ఆ రైఫిల్ మరొకరి చేతికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం కూడా వెళ్లాలి.

మీ 1916 మౌజర్‌ను గోడకే పరిమితం చేయాలా అన్న మాటకు వస్తాను. నా సలహా అదే, మీ పెద్దాయన చెప్పిందే. ఇంట్లోకి వచ్చినవారెవరైనా పొరపాటున తూటా పెట్టకుండా బోల్ట్‌ను వేరే తాళంలో ఉంచండి, ట్రిగ్గర్ గార్డుకు ".308 కాల్చరాదు" అని రాసిన చీటీ కట్టండి. తక్కువ మందుతో, సీసపు గుండ్లతో సొంతంగా నింపిన తూటాలు కాల్చేవారు ఉన్నారు. అది అనుభవజ్ఞుల పని. పెద్ద డొల్లలో కొద్దిపాటి మందు అడుగునే ఉండిపోతుంది, పొరపాటున రెండోసారి పోసినా పైనుంచి చూస్తే తెలియదు, అప్పుడు మనం తప్పించుకోవాలనుకున్న ప్రమాదమే వేరే దారిలో ఎదురవుతుంది. రెండేళ్ల అనుభవంతో మీరు ఆ దారి పట్టకండి. గేజ్‌లు కొన్నాక ముందు మీ దగ్గరున్న మిగతా రైఫిళ్లన్నిటికీ పెట్టి చూడండి. "నో-గో" మీద మూసుకున్నది ఏదైనా ఉంటే దాని ముద్రల ఫొటోలతో మళ్లీ రాయండి.